విడాకుల చట్టం: ఉద్యోగి కుటుంబాలు తెలుసుకొనవలసిన విషయాలు

(భిలాయిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



కార్మిక సంఘ వేదికపై సాధారణంగా వినవచ్చే మాటలు వేరు. కరువు భత్యం, బదిలీలు, ఖాళీల భర్తీ, పింఛను, ఇవి మనకు అలవాటైన విషయాలు. ఈనాడు మేము ఎన్నుకొన్న విషయం విడాకులు. ఇది ఇంటి గుట్టు, సంఘానికి ఇందులో పని ఏమున్నదని కొందరు పెద్దలు అనుకొనవచ్చు. ఉద్యోగి కాపురం చెడినప్పుడు దాని ఫలితం సర్వీసు పుస్తకం వరకు వస్తుందన్నదే మా సమాధానం. జీతం జప్తు కావచ్చు. క్రమశిక్షణ చర్య రావచ్చు. ఉద్యోగి మరణించిన తరువాత కుటుంబ పింఛను ఎవరికి చెందవలెనో తేలక ఫైలు ఏళ్ల తరబడి నిలిచిపోవచ్చు. ఇవన్నీ సంఘ కార్యాలయం గడప ఎక్కే సమస్యలే. దుఃఖకరమైన సంగతి ఏమనగా, అవి మా వద్దకు వచ్చేసరికి తరచుగా చెయ్యి దాటిపోయి ఉంటాయి.

ఎవరినీ విడిపొమ్మని చెప్పుటకు మేము రాలేదు. ఎట్లయినా సర్దుకొని పొమ్మని బలవంతపెట్టుటకూ రాలేదు. కలిసి బ్రతకగల దంపతులు కలిసి బ్రతకవలెననే మా కోరిక. కాని విడిపోక తప్పని స్థితి ఏర్పడినప్పుడు చట్టప్రకారం విడిపోవలెను, సకాలంలో కోర్టుకు పోవలెను. ఈ రెండు మాటలు చెప్పుటకే ఈ ప్రసంగం.

భిలాయిలో ఈ మాట చెప్పుటకు ప్రత్యేక కారణం ఉన్నది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైన నాటి నుండి ఈ ఉక్కు పట్టణం దేశం నలుమూలల నుండి శ్రామికులను ఆకర్షించింది. ఉత్తరాంధ్ర నుండి రాయపూర్–విజయనగరం రైలు మార్గాన వచ్చి కర్మాగారంలో, రైల్వేలో, తపాలా శాఖలో స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ అనేకం. వారికి పెండ్లి స్వగ్రామంలో, కాపురం ఇక్కడి క్వార్టరులో, తగాదా వచ్చినప్పుడు పంచాయితీ మరల స్వగ్రామంలో. మాట్లాడే పెద్దలు ఒకచోట, చట్టం ప్రకారం తీర్పు చెప్పే కోర్టు మరొకచోట. ఈ ఎడములోనే మనవారు నష్టపోతున్నారు.

చట్టం ఎట్లు వచ్చినది

హిందువులలో విడాకులు అన్నవి కొత్తగా పుట్టినవి కావు. అనేక శ్రామిక కులాలలో తెగతెంపులు, మారుమనువు ఆచారంగా ఉండేవి. చట్టరీత్యా చూచినచో, కోస్తా ఆంధ్ర ఆనాడు మద్రాసు రాష్ట్రంలో భాగం గనుక, 1949లోనే మద్రాసు శాసనసభ చేసిన చట్టం ఒకటి మనవారికి వర్తించింది. అది హిందువులలో రెండవ వివాహాన్ని నిషేధించి, విడాకులకు దారి తీసినది. హిందూ కోడ్ బిల్లు ఆలస్యం కావడం డాక్టర్ అంబేద్కర్ 1951లో కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేయుటకు ముఖ్యకారణాలలో ఒకటి. ఆ బిల్లులోని వివాహ భాగమే 1955లో హిందూ వివాహ చట్టంగా వెలువడింది. ఇరువురి అంగీకారంతో విడిపోయే 13-బి సెక్షను 1976 సవరణతో చేరినది. 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. ఈనాడు భిలాయి వారికి కుటుంబ న్యాయస్థానం దుర్గ్‌లోను, హైకోర్టు బిలాస్‌పూర్‌లోను ఉన్నవి.

ఈ చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, ముస్లిం స్త్రీలకు 1939 చట్టం, రిజిస్టరు వివాహం చేసుకొన్నవారికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉన్నవి. షెడ్యూల్డు తెగల వారికి, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిననే తప్ప, 1955 చట్టం వర్తించదు. వారి ఆచారమే వారికి ప్రమాణం. మన సభ్యులలో అధిక సంఖ్యాకులు హిందూ వివాహ చట్టం క్రిందికి వచ్చేవారు గనుక దాని గురించే విస్తరించి చెబుతాము.

పెద్దలు వ్రాసిన కాగితం విడాకులు కాదు

మన మధ్య బలంగా పాతుకొన్న భ్రమ ఒకటి ఉన్నది. కులపెద్దలు కూర్చుండి, ఇంత సొమ్ము ఇచ్చి పుచ్చుకొని, స్టాంపు కాగితంపై ఇరుపక్షాల చేత సంతకాలు చేయిస్తే విడాకులు అయిపోయినవని అనుకొంటారు. నోటరీ ముద్ర కూడా పడితే ఇక తిరుగులేదని నమ్ముతారు. ఇది సరికాదు. ముద్ర సంతకానికి సాక్ష్యం కాగలదు గాని వివాహాన్ని రద్దు చేయలేదు.

కులాచారం ప్రకారం విడాకులు పొందే హక్కును 1955 చట్టంలోని 29వ సెక్షను కాపాడిన మాట నిజమే. కాని ఆ ఆచారం అనాదిగా, ఎడతెగకుండా తమ కులంలో పాటింపబడుతున్నదని కోర్టులో చెప్పి రుజువు చేయవలసిన భారం దానిని ఆశ్రయించిన వ్యక్తిపైనే ఉన్నది. ఈ సంగతిని సుప్రీంకోర్టు 2002లో మరల స్పష్టపరచినది. అటువంటి రుజువు లేనిచో కాగితం కాగితంగానే మిగులుతుంది, వివాహం వివాహంగానే నిలుస్తుంది. ఆ కాగితాన్ని నమ్మి మరల పెండ్లి చేసుకొన్న ఉద్యోగి రెంటికీ చెడిన రేవడి అవుతాడు.

దావా ఎక్కడ వేయవలెను

చట్టంలోని 19వ సెక్షను దీనికి సమాధానం చెబుతుంది. పెండ్లి జరిగిన చోట, ప్రతివాది నివసించే చోట, దంపతులు చివరిసారి కలిసి కాపురమున్న చోట, వీనిలో ఏ ప్రాంతపు కోర్టులోనైనా దావా వేయవచ్చును. 2003 సవరణ భార్యకు మరొక సౌకర్యం కల్పించినది. ఆమె వాది అయినచో తాను నివసించుచున్న చోటనే దావా వేయవచ్చును.

దీని అర్థం ఇది. చివరి కాపురం భిలాయిలో అయినచో భర్త దుర్గ్ కోర్టులో దావా వేయగలడు. శ్రీకాకుళంలో పుట్టింట నున్న భార్య శ్రీకాకుళంలోనే వేయగలదు. ఇట్లు రెండుచోట్ల రెండు కేసులు నడిచే ప్రమాదం ఉన్నది. ఒక రాష్ట్రపు కోర్టు నుండి మరొక రాష్ట్రపు కోర్టుకు కేసును మార్చే అధికారం సుప్రీంకోర్టుకే ఉన్నది. అంతదూరం పోకముందే ఇరుపక్షాలు ఒక కోర్టును ఒప్పుకొనుట మేలు. ఇక్కడి కోర్టులో తెలుగు పత్రాలకు హిందీ గాని ఇంగ్లీషు గాని అనువాదం జతపరచవలసి వస్తుంది. శుభలేఖ, పంచాయితీ ఒప్పందం, ఉత్తరాలు ముందుగానే అనువాదం చేయించుకొనుడు.

అధికారం లేని కోర్టు తీర్పు ఎంత దూరపుదైనా, ఎంత పెద్దదైనా చెల్లదు. 1975లో తిరుపతిలో వివాహమైన తెలుగు దంపతుల కేసు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు కోర్టులో విడాకులు తెచ్చుకొని మరల వివాహం చేసుకొన్నాడు. ఆ తీర్పు మన చట్టం ప్రకారం అధికారం గల కోర్టు, మన చట్టం ఒప్పుకొన్న కారణంపై ఇచ్చినది కాదు గనుక ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చినది.

ఇరువురూ ఒప్పుకొన్నప్పుడు

అన్నింటిలో తక్కువ కష్టమైన మార్గం 13-బి సెక్షను. దంపతులు ఒక సంవత్సరమైనా విడిగా ఉండి, కలిసి ఉండలేమని నిశ్చయించుకొని, ఉమ్మడిగా పిటిషను వేయవలెను. ఆ తరువాత 6 నెలలు ఆగి, 18 నెలలు దాటకముందు, రెండవసారి కోర్టును కోరవలెను. న్యాయమూర్తి ఇరువురినీ విచారించి, సమ్మతి నిజమైనదని తృప్తి చెందిన తరువాత డిక్రీ ఇస్తారు.

ఇందులో మూడు విషయాలు గుర్తుంచుకొనవలెను. మొదటిది, డిక్రీ వచ్చేవరకు సమ్మతి నిలిచి ఉండవలెను. నడుమ ఒకరు వెనుకకు తీసుకొంటే కేసు అక్కడితో ఆగుతుందని 1991లో సుప్రీంకోర్టు చెప్పినది. రెండవది, ఆ 6 నెలల గడువును తగిన సందర్భాలలో కోర్టు మన్నించవచ్చునని 2017లో తీర్పు వచ్చినది. అందుకు దంపతులు అప్పటికే ఏడాదిన్నర పైగా విడిగా ఉండి, రాజీ యత్నాలు విఫలమై, మనోవర్తి, పిల్లల విషయాలు పరిష్కారమై ఉండవలెను. మూడవది, ఇచ్చే సొమ్ము, తిరిగి ఇవ్వవలసిన బంగారం, పిల్లల చదువు ఖర్చు, వారిని చూచే రోజులు పిటిషనులోనే స్పష్టంగా వ్రాయించుకొనుడు. నోటిమాటగా విడిచిన షరతే తరువాత కొత్త తగాదాకు విత్తనం.

ఒకరు ఒప్పుకొననప్పుడు

అప్పుడు 13వ సెక్షనులో చెప్పిన కారణాలలో ఒకదానిని రుజువు చేయవలెను. క్రూరత్వం, రెండేళ్లు విడిచిపెట్టి ఉండుట, వివాహేతర సంబంధం, మతం మారుట, నయం కాని తీవ్ర మానసిక వ్యాధి, ఏడేళ్లుగా జాడ తెలియకపోవుట మొదలైనవి అందులో ఉన్నవి. కుష్ఠువ్యాధిని కారణంగా చూపే నిబంధనను పార్లమెంటు 2019లో తొలగించినది. క్రూరత్వమంటే కొట్టుట ఒక్కటే కాదు, మానసిక హింస కూడా క్రూరత్వమేనని కోర్టులు ఎన్నోసార్లు చెప్పినవి. సాధారణంగా పెండ్లయిన ఏడాదిలోపల విడాకుల దావా వేయరాదు. వివాహం కోలుకోలేనంతగా విరిగిపోయినదన్న ఒక్క కారణంపై విడాకులిచ్చే అధికారం సుప్రీంకోర్టుకు మాత్రమే ఉన్నదని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పినది. కుటుంబ న్యాయస్థానంలో ఆ వాదం ఒంటిగా నిలువదు.

కొందరు మొదట కాపురానికి రమ్మని 9వ సెక్షను క్రింద దావా వేస్తారు. ఈ సెక్షను స్త్రీ స్వేచ్ఛకు విరుద్ధమని 1983లో నటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి కొట్టివేశారు. 1984లో సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ సెక్షనును నిలబెట్టినది. డిక్రీ వచ్చిన తరువాత ఏడాదిపాటు కాపురం కలవనిచో ఎవరైనా విడాకులు కోరవచ్చును. కావున ఇట్టి నోటీసు వచ్చినప్పుడు భార్య ఊరకుండరాదు. తాను ఎందుకు రాలేకపోతున్నదో కోర్టుకు జవాబు దాఖలు చేయవలెను.

ఇక్కడ తపాలా సోదరులకు ఒక మాట. కోర్టు సమను రిజిస్టర్డు పోస్టుగా మన చేతుల మీదుగా పోవు కాలం చాలా ఉండెను. 2025 సెప్టెంబరు 1 నుండి ఆ సేవ స్పీడ్ పోస్టులో విలీనమైనది. పేరు మారినా బాధ్యత మారలేదు. కవరుపై పోస్టుమాన్ వ్రాసే ఒక్క మాటకు ఎంత బలమున్నదో గ్రహించుడు. పుచ్చుకొనుటకు నిరాకరించినట్లు వ్రాసినచో, సమను అందినట్లే కోర్టు భావించవచ్చును. ఇల్లు తాళం వేసి ఉన్నదా, మనిషి ఊరు విడిచిపోయెనా, చేతికిస్తే వద్దన్నదా, ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. ఒకరి మాట విని వ్రాసిన తప్పుడు వ్రాత ఒక స్త్రీకి తెలియకుండానే ఆమె వివాహాన్ని రద్దు చేయించగలదు.

సమను అందుకొన్నవారికి కూడా మా హెచ్చరిక ఇదే. కవరు వద్దని పంపివేస్తే కేసు ఆగదు, మీరు లేకుండానే నడుస్తుంది. ఏకపక్షంగా డిక్రీ అయినచో దానిని రద్దు చేయుమని 30 రోజులలో కోరవలెను. సమను సక్రమంగా అందనిచో, డిక్రీ సంగతి తెలిసిన నాటి నుండి ఆ 30 రోజులు లెక్కకు వస్తవి.

ఇరుపక్షాలు హాజరైన తరువాత కోర్టు మొదట రాజీకి ప్రయత్నిస్తుంది. అది కుదరనిచో వివాదాంశాలు నిర్ణయించి, సాక్ష్యం తీసుకొని తీర్పు చెబుతుంది. కోరినచో విచారణ రహస్యంగా జరుగుతుంది. సాధ్యమైనంతవరకు 6 నెలలలో ముగించవలెనని చట్టం అంటున్నది. వాస్తవంలో పోరాడే కేసుకు ఏళ్లు పడుతున్నవి. అందుచేతనే తొందరగా మొదలుపెట్టుట అవసరం.

మనోవర్తి, పిల్లలు

కేసు నడుస్తుండగానే ఖర్చులకు, జీవనానికి 24వ సెక్షను క్రింద మధ్యంతర మనోవర్తి కోరవచ్చును. నోటీసు అందిన 60 రోజులలో, సాధ్యమైనంతవరకు, దీనిని తేల్చవలెనని చట్టం చెబుతున్నది. విడాకుల కేసుతో సంబంధం లేకుండా భార్య, పిల్లలు, వృద్ధ తల్లిదండ్రులు మనోవర్తి కోరే పాత 125వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను అయినది. ఉభయులూ తమ ఆదాయం, ఆస్తి, అప్పులు ప్రమాణ పత్రంలో వెల్లడించవలెనని, మనోవర్తి దరఖాస్తు తేదీ నుండే చెల్లవలెనని 2020లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. జీతం చీటీ దాచి లాభం లేదు. మామూలు అప్పుకంటె మనోవర్తి డిక్రీకి జీతంపై పట్టు ఎక్కువ. జప్తు నుండి మినహాయింపు మూడవ వంతుకు మాత్రమే.

పిల్లలు ఎవరి వద్ద ఉండవలెనన్నది తల్లి గెలుపు, తండ్రి ఓటమి అన్న లెక్క కాదు. బిడ్డ క్షేమమే కోర్టుకు ప్రమాణం. తల్లిదండ్రులకు కూడా అదే ప్రమాణం కావలెను.

ఉద్యోగం, పింఛను

రైల్వే ఉద్యోగుల 1966 ప్రవర్తనా నియమావళిలోను, తపాలా ఉద్యోగులకు వర్తించే 1964 నియమావళిలోను 21వ నియమం ఒకే మాట చెబుతున్నది. భార్య లేక భర్త జీవించి ఉండగా మరొక వివాహం చేసుకొనరాదు. డిక్రీ లేకుండా రెండవ పెండ్లి చేసుకొన్నవారిపై ఉద్యోగం పోయే వరకు చర్య రావచ్చును. క్రిమినల్ నేరం వేరు. మతం మార్చుకొని తప్పించుకొనే దారి కూడా లేదని 1995లో సుప్రీంకోర్టు తేల్చినది. డిక్రీ వచ్చిన తరువాత కూడా అప్పీలు గడువు ముగియవలెను. 90 రోజులు ఆగుట క్షేమం.

అట్టి రెండవ వివాహం వలన అన్యాయమయ్యేది ఇద్దరు స్త్రీలకు. ఉద్యోగి మరణించిన నాడు, చెల్లని వివాహం చేసుకొన్న స్త్రీకి కుటుంబ పింఛను హక్కు ఉండదని, ఆమె పిల్లలకు మాత్రం హక్కు ఉంటుందని 2000లో బీహారు ఉద్యోగి కుటుంబానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఇరవై ఏళ్లు కాపురం చేసి, వండి పెట్టి, రోగంలో సేవ చేసిన స్త్రీ చివరకు కార్యాలయం మెట్ల మీద నిలబడవలసి వస్తుంది.

ఇక ఆడపిల్లల తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలసిన విషయం. 25 ఏళ్లు దాటిన విడాకులు పొందిన కుమార్తె కూడా కుటుంబ పింఛనుకు అర్హురాలని 2004లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినది. అయితే తల్లిదండ్రులు జీవించి ఉండగానే విడాకులు పూర్తి కావలెనన్న షరతు అనేకులకు అడ్డమైనది. కేసు ఏళ్ల తరబడి నడిచి, తీర్పు రాకముందే పింఛనుదారు మరణిస్తే కుమార్తెకు ఏమీ దక్కేది కాదు. 2017 జూలై 19 నాటి ఉత్తర్వుతో ఈ అన్యాయం కొంత తొలగినది. తల్లి గాని తండ్రి గాని జీవించి ఉండగా అధికారం గల కోర్టులో విడాకుల దావా దాఖలై ఉన్నచో, తీర్పు వారి మరణానంతరం వచ్చినా, విడాకుల తేదీ నుండి ఆమెకు పింఛను లభిస్తుంది. తల్లిదండ్రులపై ఆధారపడి ఉండుట, ఆదాయం కనీస కుటుంబ పింఛను, దానిపై కరువు సహాయం మించకుండుట, తిరిగి వివాహం చేసుకొనకుండుట మొదలైన షరతులు ఉన్నవి. 7వ వేతన సంఘం ఆ కనీసాన్ని 2016 జనవరి 1 నుండి 9,000 రూపాయలు చేసినది.

ఈ నియమం పూర్తిగా అర్థమైనచో ఆలస్యం ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. అల్లుడు వదలిపెట్టిన కూతురు పదేళ్లుగా ఇంట ఉన్నది. పరువు పోతుందని తండ్రి దావా వేయనీయడు. పెద్దల కాగితం పెట్టెలో భద్రంగా ఉన్నది. తండ్రి పోయెను, తరువాత తల్లి పోయెను. ఆ మరునాడు వేసిన దావాకు ఈ నియమం ప్రకారం పింఛను రాదు. ఏ పరువు కోసం ఆగినామో ఆ పరువు ఆమెకు ఒక పూట అన్నం పెట్టదు. కూతురిపై ప్రేమ గల తండ్రి ఆమె చేతికి ఇవ్వవలసినది కోర్టులో దాఖలైన పిటిషను నంబరు.

మహిళా ఉద్యోగులకు కూడా 2024 జనవరిలో ఒక సదుపాయం లభించినది. విడాకుల కేసు గాని, గృహహింస చట్టం క్రింద కేసు గాని పెండింగులో ఉన్నచో, తాను మరణించిన పక్షంలో భర్తకంటె ముందు అర్హులైన పిల్లలకు కుటుంబ పింఛను ఇవ్వవలెనని ఆమె వ్రాతపూర్వకంగా కోరవచ్చును. 2004 జనవరి 1 నుండి చేరినవారికి పింఛను విధానం వేరు గనుక వారు తమ ఖాతా నామినేషను గురించి విడిగా విచారించుకొనవలెను. ఎవరైనా సరే, డిక్రీ రాగానే దాని ధృవీకృత నకలు కార్యాలయంలో దాఖలు చేసి, కుటుంబ వివరాలు, భవిష్యనిధి, గ్రాట్యుటీ నామినేషన్లు సరిచేయించుకొనవలెను.

చేయవలసిన పని

వకీలు ఫీజుకు వెనుకాడేవారికి ఒక ధైర్యం చెబుతున్నాము. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టులోని న్యాయ సేవల సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చును. 15100 నంబరుకు ఫోను చేసి విచారించవచ్చును.

వివాహ ధృవపత్రం గాని శుభలేఖ, ఫోటోలు గాని, కలిసి కాపురమున్నట్లు క్వార్టరు కేటాయింపు లేక రేషను కార్డు, పిల్లల జనన ధృవపత్రాలు, ఇచ్చి పుచ్చుకొన్న వస్తువుల జాబితా, సొమ్ము పంపిన రశీదులు భద్రపరచుడు. ఖాళీ కాగితంపై సంతకం ఎవరు కోరినా పెట్టకుడు. పెద్దల వద్ద రాజీ కుదిరినచో సంతోషమే. ఆ రాజీనే పిటిషనుగా మార్చి కోర్టు ముందుంచి డిక్రీ పొందుడు. అప్పుడు పెద్దల మాటకు గౌరవం దక్కుతుంది, మీ హక్కుకు రక్షణ దక్కుతుంది.

శాఖా కార్యదర్శులకు మా మనవి ఇది. పింఛను పత్రాలు నింపే సహాయం మీరు చేస్తూనే ఉన్నారు. ఇకపై పదవీ విరమణ చేయబోవు ప్రతి సభ్యుని వద్ద, ఇంట ఒంటరిగా ఉన్న కుమార్తె గలదా, ఆమె వివాహం చట్టరీత్యా ఏ స్థితిలో ఉన్నదని నెమ్మదిగా, గౌరవంగా అడుగుడు. ఆ ప్రశ్న సకాలంలో అడిగినందువలన ఒక స్త్రీకి జీవితాంతం కూడు దొరకవచ్చును. వేతనానికి పోరాడిన సంఘం ఆ వేతనం మీద బ్రతికే కుటుంబం పక్షాన కూడా నిలబడవలెను.